ఎన్నో నంబర్ వచ్చింది?

పోయిన వానాకాలం చివర్లో ఒక ఆదివారం సాతారాలో 21 కిలోమీటర్ల కొండ పరుగు పూర్తిచేసి, రాత్రి పదకొండింటికి సోలాపూర్‌లో మా ఇంటికొచ్చాను. బూట్లు విప్పకముందే అమ్మ అడిగింది, "ఎన్నో నంబర్ వచ్చింది బిడ్డా?" అని. వెనకాలే తమ్ముడు మరాఠీలో అందుకున్నాడు, "తాయీ, కిత్‌వా నంబర్ ఆలా?" అని. తెల్లారి పక్కింటివాళ్లు, కాలేజీలో స్నేహితులు, లైబ్రరీ దగ్గర కనబడ్డ ఒక మేడమ్ కూడా అదే అడిగారు. మా ఇంట్లో రెండు భాషలు నడుస్తాయి. రెండింట్లోనూ పరుగు గురించి అడగడానికి ఈ ఒక్క ప్రశ్నే ఉన్నట్టుంది.

నేను ఉన్నమాటే చెప్పాను. "తెల్వదమ్మా. వందలమంది నాకంటే ముందే వచ్చిన్రు." అమ్మ నా మెడలోని మెడల్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి ఇదెందుకిచ్చిన్రు?" అంది.

ఆ రాత్రి నాకు జవాబు తోచలేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు చెప్పగలను అనిపించి మన గోడపత్రికకి రాస్తున్నాను. ఇది అమ్మకి మాత్రమే చెప్పాల్సిన జవాబు కాదు. మన కాలేజీ గ్రౌండ్‌కి కూడా దీంతో సంబంధం ఉంది. చివరిదాకా చదవండి, చివర్లో మీతో ఒక పనుంది.

ముందు నా సంగతి. నేను ఆటల పిల్లను కాదు. ఎనిమిదో తరగతిలో స్కూల్ జట్టు కోసం 400 మీటర్ల పరుగు పెట్టి పిల్లల్ని ఏరారు. తొమ్మిదిమందిమి పరుగెత్తాం. నాది ఏడో నంబర్. మొదటి ముగ్గురినీ ఒక పక్కకి పిలిచి పేర్లు రాసుకున్నారు. మిగతా ఆరుగురినీ "మీరు కూర్చోండి, చప్పట్లు కొట్టండి" అన్నారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. కూర్చోమన్నారంతే. కూర్చున్నాను. ఎనిమిదిలో కూర్చున్నదాన్ని బి.ఏ. మొదటి సంవత్సరం దాకా లేవలేదు. బస్సు కోసం కూడా పరుగెత్తలేదు, ఇంకో బస్సు వస్తుందిలే అనుకునేదాన్ని. మీలో చాలామంది కథ ఇదే అయ్యుంటుంది. కావాలంటే మీ బెంచీలో అడిగి చూడండి.

నన్ను లేపింది మా వాడలో ఉండే ఒక కాకు. మరాఠీ ఆవిడ, వయసు 52. షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమంటే నడక మొదలుపెట్టి, నడక చాలక పరుగులోకి దిగింది. పొద్దున్నే ఒక్కతే వెళ్లడానికి భయమేసి తోడు రమ్మంది. తోడు కోసమే వెళ్లాను. మొదటిరోజు కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ, రెండు స్తంభాలు పరుగు, నాలుగు స్తంభాలు నడక. నెల తిరిగేసరికి కళ్లు తిరగడం మొదలైంది. కాలేజీలో ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు రక్తం చూపించుకుంటే హిమోగ్లోబిన్ 9.6 ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుని, బెల్లం పల్లీలు తిని, మూడు నెలలకి 11 దాటించాను. నాకు రక్తం తక్కువని పరుగెత్తితేనే తెలిసింది. కూర్చునే ఉంటే, చదువుకునేటప్పుడు నిద్రొస్తోంది, బద్ధకం కాబోలు అనుకుంటూ ఉండేదాన్ని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన క్లాసులో సగం మందికి పైగా ఉండొచ్చు. బద్ధకం అనుకుంటున్నవాళ్లు ఒకసారి చూపించుకోండి.

ఇక సాతారా. అక్కడ 2012 నుంచి ఏటా సాతారా హిల్ హాఫ్ మారథాన్ జరుగుతోంది. మారథాన్ 42.195 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్ అందులో సగం. ఊళ్లో మొదలై, యవతేశ్వర్ ఘాట్ ఎక్కి, కాస్ పఠార్ వైపు వెళ్లే రోడ్డు మీద సగం దూరం దాకా పోయి, అక్కడే మళ్లి అదే దారిలో దిగిరావాలి. 2015లో ఇక్కడ 2,618 మంది కొండ పరుగులో పాల్గొన్నందుకు గిన్నిస్ రికార్డు కూడా ఇచ్చారు. కాకు ఏడాది ముందే పేరు రాయించుకుంటానని పంతం పట్టింది. నాది కూడా రాయించి ఫీజులో సగం తనే పెట్టుకుంది.

మన సోలాపూర్ చదును ఊరు. ఎక్కడానికి కొండ ఎక్కడుంది? రైలు పట్టాల మీదుగా పోయే వంతెన ఒకటే మాకు దొరికిన ఎత్తు. వారానికి రెండు రోజులు తెల్లవారుజామున ఆ వంతెనని పదిసార్లు ఎక్కి దిగేవాళ్లం. నేను ఎక్కడం మాత్రమే కష్టపడి ప్రాక్టీస్ చేశాను. దిగేటప్పుడు నడుస్తూ రెస్ట్ తీసుకునేదాన్ని. కాకు దిగేటప్పుడు కూడా పరుగెత్తేది. "దిగడానికి ప్రాక్టీస్ ఎందుకు కాకూ, అదే జారిపోతుంది కదా" అని నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత లెక్క చెల్లించాను.

శనివారం పొద్దున లాల్‌పరి బస్సెక్కాం. పంఢర్‌పూర్ దాటి, మ్హస్‌వడ్, దహివడి మీదుగా పోయింది. కిటికీలోంచి చూస్తే అంతా ఎండు భూమి, రాళ్లు, దూరంగా మేకలు. ఇది మాణ్ తాలూకా, ఏళ్ల తరబడి కరువు చూసిన నేల. రన్నర్ లలితా బాబర్‌ది ఈ తాలూకాలోని మోహీ అనే ఊరు. అందుకే ఆమెని మాణ్‌దేశీ ఎక్స్‌ప్రెస్ అంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ ఫైనల్ దాకా వెళ్లింది. అప్పుడు అందరూ 1984లో పి.టి. ఉషని గుర్తు చేసుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో ఉష 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో సెకనులో నూరో వంతు తేడాతో మెడల్ పోగొట్టుకుంది కదా. లలిత రియో ఫైనల్లో ఎన్నో నంబర్ వచ్చిందో తెలుసా? పదో నంబర్. ఉషది నాలుగో నంబర్. వాళ్లని దేశమంతా నెత్తిన పెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. కానీ మా స్కూల్ లెక్క ప్రకారం ఆ ఇద్దరినీ కూడా "కూర్చోండి, చప్పట్లు కొట్టండి" అనాలి. బస్సులో నాకు ఆ ఆలోచన వచ్చి నవ్వొచ్చింది.

ఆదివారం తెల్లవారేసరికి సాతారాలో సన్నటి తుంపర. ఊరి పక్కనే ఉన్న అజింక్యతారా కోట మబ్బులో మునిగిపోయి కనబడట్లేదు. వేలమంది నిలబడ్డారు. అంతమందిలో నేను ఎవరికీ తెలియదు, నా సల్వార్ ఎవరికీ అక్కర్లేదు. ఆ ఒక్క విషయానికే నాకు ఎంతో హాయి అనిపించింది. ఊళ్లో ఇళ్ల ముందు జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఊరు దాటగానే ఘాట్ మొదలైంది.

ఎక్కుడు గురించి నాకు చెప్పడం రాదు. ఒక మలుపు తిరిగితే అయిపోయిందనుకుంటాం, ఇంకో మలుపు ఉంటుంది. ప్రతి అడుగుకీ మన బరువుని మనమే పైకి లేపుకోవాలి, అందుకే చదునులో ఎంత పరుగెత్తినా రాని ఆయాసం ఇక్కడ వందడుగులకే వస్తుంది. ఐదో కిలోమీటర్ దగ్గర నా పరుగు ఆగింది. నడక మొదలుపెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అలసటకి కాదు, సిగ్గుకి. మళ్లీ ఎనిమిదో తరగతి గ్రౌండ్‌లో కూర్చోబెట్టినట్టు అనిపించింది. పక్కన కాకు కూడా నడుస్తోంది, కానీ ఆవిడకి ఏ సిగ్గూ లేదు. "చాలాయ్‌చం, థాంబాయ్‌చం నాహీ" అంది. నడవాలి, ఆగొద్దు అని. చుట్టూ చూశాను. మా ముందూ వెనకా సగం మంది నడుస్తున్నారు. బాగా నిటారుగా ఉన్నచోట పరుగెత్తేవాళ్లకీ గబగబా నడిచేవాళ్లకీ పెద్ద తేడా కూడా రావట్లేదు. చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఊపిరి చెదరకుండా చూసుకోవడమే పని.

అప్పుడే పై నుంచి మొదటివాళ్లు దిగిరావడం మొదలైంది. ఒకటే రోడ్డు కదా, మేం ఎక్కుతున్న పక్కనే వాళ్లు దిగుతున్నారు. అందరికంటే ముందున్నవాళ్లు గాలిలా వెళ్లిపోయారు, వాళ్ల ధ్యాస వాళ్లది. వాళ్ల వెనక వస్తున్నవాళ్లు మాత్రం మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు. "చలా, చలా, ఛాన్!" అని అరిచారు. వాళ్లు సగానికి పైగా ముగించేశారు, మేం సగం కూడా ఎక్కలేదు. అయినా అదే రోడ్డు, అదే వాన. గెలిచేవాళ్లు పరుగెడుతుంటే మిగతావాళ్లు మెట్ల మీద కూర్చోలేదు. ఇలాంటిది నా చదువులో నేనెప్పుడూ చూడలేదు.

యవతేశ్వర్ దాటాక రోడ్డు కాస్త ఊపిరి తీసుకోనిచ్చింది. రెండువైపులా పచ్చదనం, కింద లోయలో తెల్లగా మబ్బు. కాస్ పఠార్ పూలు చూశావా అని చాలామంది అడిగారు. చూడలేదు, పరుగు అంతదూరం పోదు. యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన పశ్చిమ కనుమల ప్రాంతాల్లో కాస్ కూడా ఉంది. పూల కోసం ఇంకోసారి వెళ్లాలి.

మళ్లే చోట నీళ్లు తాగి, ఇక దిగుడే కదా అని సంబరపడ్డాను. అసలు కష్టం అక్కడుంది. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ తొడ కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి. ఎక్కుడులో గుండె అలిసిపోతుంది, దిగుడులో కండరాలు దెబ్బతింటాయి. వంతెన దిగేటప్పుడు రెస్ట్ తీసుకున్న నా తొడలకి ఈ పని కొత్త. కాకు చెయ్యి ఊపుకుంటూ మలుపు తిరిగి మాయమైపోయింది. పదిహేడో కిలోమీటర్ దగ్గర నా పిక్క పట్టేసింది. రోడ్డు పక్కన కూర్చోబోతుంటే, వెనక నుంచి వచ్చిన ఒకామె నా భుజం పట్టుకుంది. సాతారా దగ్గరి పల్లెలో అంగన్‌వాడీలో పని చేస్తుందట. కొంగులోంచి కాగితం పొట్లం తీసి ఉప్పు నా నాలుక మీద వేసింది. "కూర్చుంటే లేవవు" అంది మరాఠీలో. ఇద్దరం కలిసి నడిచాం, తర్వాత కలిసి పరుగెత్తాం. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

2 గంటల 56 నిమిషాలకి ముగించాను. కాకు నాకంటే ఏడు నిమిషాల ముందే వచ్చి, గట్టు మీద కూర్చుని పోహే తింటోంది.

తెల్లారి సోమవారం. మా ఇల్లు పైఅంతస్తులో ఉంటుంది. మెట్లు దిగబోతే తొడలు మాట వినలేదు. గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతున్నాను. కింద కూర్చుని ఆకు కత్తిరిస్తున్న అమ్మ చూసి పకపకా నవ్వింది. తర్వాత మామూలుగా అంది, "నేను రోజూ గిట్లనే దిగుత గద బిడ్డా."

నిజమే. రోజూ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. మా అమ్మ వయసు 43. పన్నెండో ఏట ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. మన పేటల్లో ఇలా కూర్చున్న అమ్మలు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. బాపు టవల్ కార్ఖానాలో నిలబడి సాంచాలు నడుపుతాడు, అమ్మ కూర్చుని బీడీలు చుడుతుంది. ఆయనకి నిలబడి నిలబడి కాళ్లు వాస్తాయి, ఆమెకి కూర్చుని కూర్చుని నడుము, మోకాళ్లు పట్టేశాయి. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా లేవడానికి లేదు. 21 కిలోమీటర్ల కొండ ఎక్కి దిగితే నాకొచ్చిన నొప్పి, అమ్మకి ఏ కొండా ఎక్కకుండానే వచ్చింది. నాది నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. ఆమెది తగ్గలేదు.

అమ్మ పరుగెత్తి ఉంటే మోకాళ్లు బాగుండేవని నేను అనట్లేదు. అంత సులువైన లెక్క కాదది. ఆమెకి కావాల్సింది పనిలో విశ్రాంతి, మంచి కూలి, వైద్యం. నేను అనేది ఒక్కటే. మా అమ్మ ఒంటికి, పని చెయ్యడానికి కాకుండా, ఊరికే కదలడానికి ఎప్పుడూ ఎవరూ చోటివ్వలేదు. పన్నెండేళ్లకి ఆమెని కూర్చోబెట్టింది పని. పదమూడేళ్లకి నన్ను కూర్చోబెట్టింది ఏడో నంబర్. కారణాలు వేరు. కానీ ఇద్దరం కూర్చున్నాం.

ఆడవాళ్లని కూర్చోబెట్టడానికి కారణాలు ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగయ్యాక కొందరు అలసి నేల మీద పడ్డారని పేపర్లు గగ్గోలు పెట్టాయి. ఆడవాళ్ల ఒళ్లు దీనికి తట్టుకోదని ఆ పోటీనే తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. ముప్ఫై రెండేళ్లు! మగవాళ్లు పరుగయ్యాక పడిపోతే వీరులు, ఆడవాళ్లు పడిపోతే బలహీనులు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరుగెడుతుంటే, నిర్వాహకుల్లో ఒకాయన వెంటపడి ఆమె నంబర్ చింపెయ్యబోయాడు. ఆమె ఆగకుండా పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లో గానీ రాలేదు. ఈరోజు మనల్ని "ఆడపిల్లవి, పరుగెత్తకు" అని కాలేజీలో ఎవరూ అనరు. "గెలవలేవు కదా, కూర్చో" అంటారు. మాట మెత్తబడింది, కానీ కూర్చోవడం మాత్రం మారలేదు.

ఇంకో దారి ఉందని మన జిల్లాకి బాగా తెలుసు. ఏటా ఆషాఢంలో వారీ వస్తుంది. జ్ఞానేశ్వర్ పాల్కీ ఆళందీ నుంచి బయల్దేరి, దివే ఘాట్ ఎక్కి, సాతారా జిల్లాలోంచి మన జిల్లాలోకి వచ్చి పంఢర్‌పూర్ చేరుతుంది. తల మీద తులసి కోట పెట్టుకుని అరవై, డెబ్భై ఏళ్ల ఆడవాళ్లు అంతదూరమూ నడుస్తారు. పంఢర్‌పూర్‌లో వాళ్లని ఎవరైనా "ఎన్నో నంబర్ వచ్చావు?" అని అడుగుతారా? నడిచి వచ్చావా అంటారు, కాళ్లకి దండం పెడతారు. పరుగు భక్తి కాదు, నాకు తెలుసు. కానీ చివర వచ్చినవాళ్లకి కూడా దారి మీద హక్కు ఉంటుందన్న సంగతి మనకి కొత్తేం కాదు. ఆ సంగతిని స్కూల్ గేటు బయటే వదిలేసి లోపలికి వస్తున్నాం, అంతే.

ఇప్పుడు మన గ్రౌండ్ దగ్గరికి వస్తాను. మన కాలేజీకి మంచి గ్రౌండ్ ఉంది. దాని గేటుకి తాళం ఉంటుంది. సాయంత్రం జట్టు ప్రాక్టీస్ ఉన్నప్పుడు తీస్తారు, అయిపోగానే వేస్తారు. మనలో జట్టులో ఉన్నవాళ్లు ఎంతమంది? మిగతా వందలమందికి ఆ గ్రౌండ్ కిటికీలోంచి కనబడే ఒక దృశ్యం. నేనూ కాకూ బండ్ల మధ్య, కుక్కల మధ్య రోడ్డు మీద పరుగెత్తాం. ఒకసారి బైకు మీద ఎవడో మా వెనకే వస్తూ హారన్ కొట్టుకుంటూ నవ్వాడు. కాకు లేకపోతే ఆరోజే మానేసేదాన్ని. చుట్టూ గోడ ఉన్న గ్రౌండ్ మన కాలేజీలోనే ఉండగా మనం రోడ్డు మీదికి ఎందుకు పోవాలి?

నేను అడిగేవి రెండే. ఒకటి, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా గ్రౌండ్ అందరికీ తెరవాలి. నడిచేవాళ్లు నడుస్తారు, పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతారు, ఊరికే గడ్డి మీద కాళ్లు చాపుకునేవాళ్లు చాపుకుంటారు. రెండు, వార్షిక క్రీడల్లో మూడు కిలోమీటర్ల పరుగొకటి పెట్టి, మొదటి ముగ్గురి పేర్లే కాకుండా, పాల్గొన్న అందరి పేర్లూ, ఎవరికెంత టైమ్ పట్టిందో, ఇదే గోడ మీద అంటించాలి. నలభై నిమిషాలు పట్టినవాళ్లది కూడా. వచ్చే ఏడు ముప్ఫై ఎనిమిది అయితే, అది ఆమె గెలుపు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, ఎందుకంటే స్టాఫ్‌రూమ్‌లోనూ క్యాంటీన్‌లోనూ విన్నాను.

"జట్టుకి ఇబ్బంది కదా?" అన్నారు. జట్టు సాయంత్రం వస్తుంది, పొద్దున గ్రౌండ్ ఖాళీ. పైగా గెలిచేవాళ్లు ఆకాశంలోంచి ఊడిపడరు. చాలామంది పరుగెత్తే చోటనే, ఎవరి కాళ్లలో ఏముందో బయటపడుతుంది. ఎనిమిదో తరగతిలో ఒక్క పూట చూసి నిర్ణయిస్తే, రక్తం తక్కువై వెనకబడ్డ పిల్లెవరో, నిజంగా నెమ్మదైన పిల్లెవరో ఎలా తెలుస్తుంది?

"పోటీ లేకపోతే ఎవరు వస్తారు?" అని ఒక స్నేహితురాలు అంది. పోటీ చెడ్డదని నేను అనట్లేదు. సాతారాలో ముందు వచ్చినవాళ్లని చూసి నాకు అసూయ పుట్టింది, ఇప్పటికీ ఉంది. వచ్చే ఏడు మూడు గంటల నుంచి రెండున్నరకి దిగాలని నాకూ ఉంది. కానీ ఆ పోటీ నాకూ నా పాత టైమ్‌కీ మధ్య. దానికి ఇంకొకరిని కూర్చోబెట్టక్కర్లేదు.

"బట్టలు, బూట్లు, ఖర్చు" అన్నారు. నేను ఆరునెలలు సల్వార్‌లోనే పరుగెత్తాను, పరుగు రోజు కూడా అదే. బూట్లు మాత్రం గట్టివి కావాలి, నిజమే. నడకకి అవి కూడా అక్కర్లేదు.

"పొద్దున ఇంట్లో పనెవరు చేస్తారు?" ఇది అసలైన ప్రశ్న, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నల్లా వచ్చే రోజు నేను కూడా పరుగుకి వెళ్లలేను, బిందెలు నింపాలి. తమ్ముడు పడుకునే ఉంటాడు. సాతారా నుంచి వచ్చాక ఒకటి చేశాను. వారానికి రెండు రోజులు బిందెలు వాడివి అని చెప్పాను. వాడు గొణిగాడు. అమ్మ నా పక్షం మాట్లాడింది. మీ ఇళ్లలో కూడా ఈ మాట ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

ఇంకొక మాట. ఇదంతా చదివి అందరూ కొండ ఎక్కాలని నేను అనట్లేదు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒంట్లో కాస్త చెమట పట్టే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట గట్టి నడక. మన గ్రౌండ్‌లో ఆ అరగంటకి చోటుంది. ఒంట్లో బాగాలేనివాళ్లు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. నాలాగా కళ్లు తిరిగేదాకా ఆగొద్దు.

అమ్మకి జవాబు చెప్పాను. పోయినవారం, ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తూ చెప్పాను. "ఆ మెడల్ గెలిచినందుకు కాదమ్మా, కూర్చోనందుకు ఇచ్చిన్రు" అని. అమ్మ చుడుతున్న బీడీకి దారం కట్టడం పూర్తిచేసి, "మంచిదే" అంది. కాసేపాగి, "గ్రౌండ్ తెరిస్తే మమ్మల్ని గూడ రానిస్తరా?" అని అడిగింది. అది నేను అనుకోని ప్రశ్న. ప్రిన్సిపాల్ మేడమ్ గారిని అడగాల్సిన మూడో కోరిక అది, ఇక్కడే రాసేస్తున్నాను: ఆదివారాలు మన అమ్మలకి కూడా.

ఈ కాగితం కింద ఇంకొక తెల్ల కాగితం అంటించి, దారంతో పెన్ను కట్టాను. పొద్దున ఆరున్నరకి రాగలిగేవాళ్లు పేరు, క్లాసు రాయండి. పరుగెత్తగలరా లేదా అని ఆలోచించొద్దు. శుక్రవారం సాయంత్రం ఆ కాగితం తీసుకుని ఆఫీసుకి వెళ్తాను. ఎన్ని పేర్లుంటే అన్నీ ఇస్తాను, ఒక్కటే ఉన్నా ఇస్తాను. మొదటి పేరు నాది రాశాను. మొదటి నంబర్ కావాలని కాదు, ఎవరో ఒకరు ముందు రాయాలి కదా.

- బి.ఏ. రెండో సంవత్సరం